క్రౌన్ లెంగ్తెనింగ్ రివ్యూ: చిగురు కోయడం తేలిక, అసలు పని ఎముక దగ్గర

రూట్ కెనాల్ అయ్యాక క్యాప్ కోసం వెళ్తే "పన్ను బాగా పొట్టిగా మిగిలింది, ముందు చిగురు కాస్త తగ్గించాలి" అంటారు. నవ్వినప్పుడు పళ్ళకంటే చిగుళ్ళే ఎక్కువ కనపడుతున్నాయని వెళ్ళినా ఇదే మాట వినపడుతుంది. రెండు చోట్లా చేసే పనికి పేరు ఒకటే, క్రౌన్ లెంగ్తెనింగ్. క్లినిక్కుల్లో ఇది ముఖ్యంగా నాలుగు రకాలుగా దొరుకుతుంది: బ్లేడుతో చిగురు మాత్రమే కోయడం, చిగురు తెరిచి ఎముక కూడా తగ్గించి కుట్లు వేయడం, డయోడ్ లేజర్, ఎలక్ట్రోకాటరీ (కరెంటు వేడితో కోసే పరికరం). పది నిమిషాల్లో అయిపోతుంది, కుట్లు ఉండవు, రక్తం రాదు అని బోర్డుల మీద కనిపించేది లేజర్.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. ఎముక ఎక్కడుందో కొలవకుండా చిగురు కోసే సర్వీసుకు, మెషీను ఎంత ఖరీదైనదైనా సరే, డబ్బు పెట్టొద్దు. ఎముక కొలిచి చేసేవాళ్ళ దగ్గర మామూలు 15 నంబరు బ్లేడు కూడా చక్కటి ఫలితం ఇస్తుంది.

3 మి.మీ. లెక్క

చిగురు అంచు దగ్గర పన్ను చుట్టూ సన్నని గాడి ఉంటుంది. ఆ గాడి అడుగున చిగురు పొర పన్నుకు అతుక్కుని ఉంటుంది, దాని కింద పీచు కణజాలం, ఆ కింద ఎముక. 1961లో గార్గియులో, వెంట్జ్, ఆర్బన్ వీటిని కొలిచి సగటులు ఇచ్చారు: గాడి 0.69 మి.మీ., అతుకు పొర 0.97, పీచు 1.07. చివరి రెండూ కలిస్తే 2.04. దీన్నే చాలాకాలం బయోలాజిక్ విడ్త్ అన్నారు. 2018లో వచ్చిన చిగుళ్ళ జబ్బుల కొత్త వర్గీకరణ దీన్ని సుప్రాక్రెస్టల్ టిష్యూ అటాచ్‌మెంట్ అని పిలుస్తోంది. పేరు ఏదైనా, ఈ 2 మి.మీ. స్థలాన్ని శరీరం వదులుకోదు. గాడి కోసం ఇంకో 1 మి.మీ. కలుపుకుంటే, క్యాప్ అంచుకీ ఎముకకీ మధ్య 3 మి.మీ. ఉండాలన్న లెక్క వస్తుంది.

ఈ స్థలంలోకి క్యాప్ అంచు చొరబడితే ఏమవుతుందన్నది చిగురు మందాన్ని బట్టి ఉంటుంది. చిగురు పల్చగా ఉంటే లోపల ఎముక కరిగి చిగురు కిందికి జారుతుంది, ఏడాది రెండేళ్ళలో క్యాప్ అంచు బయటపడుతుంది. మందంగా ఉంటే జారదు, ఉబ్బుతుంది. క్యాప్ అంచు వెంబడి వంకాయ రంగు గీత కనపడుతుంది, ఫ్లాస్ తగిలినా రక్తం వస్తుంది, క్లీనింగ్ చేయించిన పది రోజులకే మళ్ళీ అదే వాపు. రోగి సరిగ్గా బ్రష్ చేయడం లేదని చాలాచోట్ల అనేస్తారు. తప్పు బ్రష్‌ది కాదు, క్యాప్ అంచు దిగిన చోటుది.

రెండో చిక్కు, కోసిన చిగురు మళ్ళీ పెరగడం. ఎముకను ముట్టుకోకుండా చిగురు మాత్రం కోస్తే, అది ఎముక నుంచి తనకు కావలసిన సుమారు 3 మి.మీ. ఎత్తు చేరేదాకా తిరిగి వస్తుంది. అందుకే కోసే ముందు మత్తు ఇచ్చి ఎముక లోతు కొలవాలి. దీన్ని బోన్ సౌండింగ్ అంటారు. మి.మీ. గీతలున్న యూఎన్‌సీ 15 ప్రోబును చిగురు అంచు నుంచి పన్ను వెంబడే దించుతూ, అతుకు పొరను దాటించి, ఎముక గట్టిగా తగిలేదాకా పంపిస్తారు. బయటి వైపు మూడు చోట్ల, లోపలి వైపు మూడు చోట్ల కొలిచి రాసుకుంటారు. పన్నుకు రెండు నిమిషాలు కూడా పట్టదు.

ఆ అంకె చూస్తే ఏ పద్ధతి అవసరమో తేలిపోతుంది. చిగురు అంచు నుంచి ఎముక దాకా 5 మి.మీ. వచ్చి, గట్టి చిగురు (కదలకుండా అంటిపెట్టుకున్న చిగురు) వెడల్పు కూడా బాగుంటే 2 మి.మీ. చిగురు కోయొచ్చు, ఎముక జోలికి వెళ్ళక్కర్లేదు. ఇక్కడ డయోడ్ లేజర్ చక్కగా సరిపోతుంది. 3 వస్తే మాత్రం ఒక్క మి.మీ. తగ్గించాలన్నా ఎముక తీయాల్సిందే. అలాంటి పన్నుకు లేజర్‌తో చిగురు మాత్రమే కోసి పంపితే పని సగంలో వదిలేసినట్టే.

క్యాప్ కోసం చేసేది

రోకలి చివర ఇనుప పొన్ను వేస్తారు, కర్ర చీలకుండా. క్యాప్ కూడా పన్నును అలాగే చుట్టూ పట్టుకోవాలి. పట్టుకోవడానికి గట్టి పన్ను చుట్టూ 1.5 నుంచి 2 మి.మీ. ఎత్తున ఉండాలి. దీనికి డెంటిస్టులు వాడే ఫెర్రూల్ అన్న మాటకు అర్థం కూడా పొన్నే. ఫిల్లింగ్, పోస్ట్ (వేరులో దింపే కడ్డీ), కోర్ (దాని మీద కట్టే దిమ్మ) ఎంత ఎత్తు కట్టినా అవి ఈ లెక్కలోకి రావు, సొంత పన్నే ఉండాలి. అది లేకుండా క్యాప్ అతికిస్తే నమిలే బలమంతా పోస్ట్ మీద పడి, క్యాప్ ఊడి రావడమో వేరు చీలడమో జరుగుతుంది.

కాబట్టి ఎముక నుంచి గట్టి పన్ను అంచు దాకా 3 కి 1.5 కలిపి కనీసం 4.5 మి.మీ. కావాలి. కింది రెండో ప్రీమోలార్ (కోరపన్ను వెనక ఉండే చిన్న దవడ పన్ను) విరిగి, ఎముక పైన 3 మి.మీ. గట్టి పన్ను మిగిలిందనుకోండి. ఇంకా 1.5 మి.మీ. ఎముక తీయాలి. ఒకే వేరు, పొడవైన వేరు కాబట్టి సాధారణంగా ఇబ్బంది ఉండదు. ఇదే సర్వీసు బాగా పనికొచ్చే కేసు.

కింది మొదటి దవడ పన్ను వెనక వైపు పుచ్చు లోతుగా దిగి, ఎముక పైన 1 మి.మీ. మాత్రమే మిగిలిందనుకోండి. అప్పుడు 3.5 మి.మీ. తీయాలి. ఈ పన్నుకు వేర్లు చీలే చోటు బయటి వైపు ఎనామిల్ అంచుకు సుమారు 3 మి.మీ. కిందే ఉంటుంది. ఎముక మామూలుగా ఆ అంచుకు 1.5 నుంచి 2 మి.మీ. కింద మొదలవుతుంది. అంటే వేర్ల చీలిక తెరుచుకోకుండా బయటి వైపు తీయగలిగేది 1 మి.మీ. అటూ ఇటూ. వెనక వైపు ఒక్కటే గుంటలా తవ్వి వదిలేయడమూ కుదరదు, ఎముక పక్కకు వాలుగా కలిసిపోవాలి, లేకపోతే ఆ గుంట మీద చిగురు మళ్ళీ నిండుతుంది. చీలిక బయటపడితే అక్కడ పాచి చేరి ఏ బ్రష్షూ అందదు. ఇలాంటి పన్నుకు క్రౌన్ లెంగ్తెనింగ్ చేస్తామనే క్లినిక్కు కన్నా, ఇది కుదరదని చెప్పే క్లినిక్కుకే మేము ఎక్కువ మార్కులు వేస్తాం. లోతైన అంచును, తడి తగలకుండా పన్ను చుట్టూ రబ్బరు షీటు (రబ్బర్ డ్యామ్) వేసి, పన్ను రంగు ఫిల్లింగ్ కాంపోజిట్‌తో పైకి తెచ్చే డీప్ మార్జిన్ ఎలివేషన్ పద్ధతి ఉంది. అదీ వీలుకాకపోతే పన్ను తీసి ఇంప్లాంట్ పెట్టడం మేలు.

ముందు పన్ను ఒక్కటే విరిగినప్పుడు కూడా ఆగి ఆలోచించాలి. ఒక పన్ను చుట్టూ ఎముక, చిగురు దించితే పక్క పన్నుతో పోలిస్తే అది పొడుగ్గా కనపడుతుంది, మధ్యలో నల్ల సందు పడుతుంది. అక్కడ పన్నునే బ్రాకెట్లతో నెమ్మదిగా ఎముక నుంచి బయటికి లాగే ఆర్థోడాంటిక్ ఎక్స్‌ట్రూజన్ మంచి దారి. కొన్ని వారాలు లాగాలి, ఆ తర్వాత కొన్ని నెలలు కదలకుండా కట్టి ఉంచాలి. ఓపిక కావాలి, కానీ పక్క పళ్ళ ఎముకకు నష్టం ఉండదు.

కుర్చీలో ఏం జరగాలి

సర్జరీ రోజుకు ముందే క్లీనింగ్ అయి, పుచ్చు పూర్తిగా తీసి, వీలైతే కోర్ కట్టి ఉండాలి. పుచ్చు లోపలే ఉంటే గట్టి పన్ను అంచు ఎక్కడుందో తెలియదు, ఎముక ఎంత తీయాలో అంచనాకు దొరకదు. ఆర్‌వీజీ (పన్ను డిజిటల్) ఎక్స్‌రేలో వేరు పొడవు, వేర్ల చీలిక చూడాలి. ఎముక తీశాక క్యాప్ పొడవు, ఎముకలో మిగిలిన వేరు పొడవు కనీసం సమానంగా ఉండాలి, క్యాప్ ఎక్కువైతే పన్ను ఊగుతుంది.

మత్తు మామూలుగా 2 శాతం లిగ్నోకెయిన్, 1:80,000 అడ్రినలిన్‌తో. కోత తర్వాత కూడా గట్టి చిగురు 2 మి.మీ. మిగిలేలా ఉంటేనే అంచు కోస్తారు. మిగలదనుకుంటే చిగురును కోయకుండా గాడి లోంచి తెరిచి, మొత్తం పొరను కిందికి జరిపి కుడతారు. ఇది తెలియక ఉన్న కాస్త గట్టి చిగురునూ కోసేస్తే, పన్ను చుట్టూ బుగ్గ లోపలి మెత్తటి పొరే మిగులుతుంది. బ్రష్ తగిలినప్పుడల్లా మంట, రోజులు గడిచేకొద్దీ జారడం.

చిగురు తెరిచాక ఎముకను రౌండ్ బర్‌తో (గుండ్రటి మొన ఉన్న డ్రిల్లు), ధారగా సెలైన్ పోస్తూ తగ్గిస్తారు. ఎముక 47 డిగ్రీల వేడిలో ఒక నిమిషం ఉన్నా దెబ్బతింటుందని 1983లో ఎరిక్సన్, ఆల్బ్రెక్ట్‌సన్ చూపించారు, అందుకే నీళ్ళు ఆగకూడదు. వేరును ఆనుకున్న చివరి పల్చటి పొరను బర్‌తో కాదు, ఓష్సెన్‌బీన్ చిసెల్ అనే చిన్న ఉలితో, చేత్తో ఒలుస్తారు. బర్‌తోనే ముగించే తొందరలో వేరు మీద గాటు పడితే ఆ గాటు జీవితాంతం జివ్వుమంటూనే ఉంటుంది, పాచికి నెలవవుతుంది. ఇంకో జాగ్రత్త: ఫిల్లింగులకు వాడే మామూలు ఎయిరోటర్ గాలిని ముందుకు వదులుతుంది. తెరిచిన చిగురు కింద ఆ గాలి దూరితే నిమిషాల్లో చెంప ఉబ్బిపోతుంది. సర్జరీకి గాలి వెనక్కి వదిలే హ్యాండ్‌పీస్ గానీ సెలైన్ పెట్టిన మైక్రోమోటర్ గానీ వాడాలి.

ఎముక తగ్గించాక ప్రోబు పెట్టి మళ్ళీ కొలవాలి, అన్ని వైపులా 3 వచ్చిందా లేదా అని. మా దృష్టిలో ఈ రెండో కొలతే ఈ సర్వీసు నాణ్యతకు గీటురాయి. కంటి అంచనాతో ఆపేస్తే నోటి లోపలి వైపు, పళ్ళ మధ్య ఎప్పుడూ తక్కువే తీస్తారు, ఎందుకంటే అక్కడ చూపు ఆనదు. తర్వాత 4-0 లేదా 5-0 దారంతో కుట్లు. చిగురును మరీ ఎముకకు దగ్గరగా లాగి కుడితే ఆ రోజు పన్ను పొడుగ్గా కనపడి అందరికీ సంతోషంగా ఉంటుంది, నెలల్లో అంతే ఎక్కువగా తిరిగి పెరుగుతుంది.

లేజర్, కాటరీ

డయోడ్ లేజర్ 810, 940, 980 నానోమీటర్లలో వస్తుంది. రక్తం రాకుండా కోస్తుంది, ఎముకను కోయలేదు. దాని కాంతిని చిగురులోని మెలనిన్, రక్తం పీల్చుకుంటాయి. మన చిగుళ్ళలో చాలామందికి నల్లటి రంగు ఎక్కువ కాబట్టి వేడి త్వరగా పడుతుంది, పవర్ తగ్గించి, టిప్ ఒకేచోట నిలపకుండా కదుపుతూ చేయాలి. చిగురు తెల్లగా మాడిన అంచుతో ఉంటే వేడి ఎక్కువైందని అర్థం.

నల్ల చిగుళ్ళున్నవాళ్ళు ఇంకో సంగతి ముందే అడగాలి. పైపొరను బయటి వైపు నుంచి వాలుగా కోస్తే, మానిన చోట గులాబీ రంగు పట్టీ పడుతుంది, పక్కనంతా నలుపు. నెలలు గడిస్తే రంగు కొంత తిరిగి వస్తుంది, పూర్తిగా కలుస్తుందన్న హామీ లేదు. లోపలి వైపుకు వాలుగా కోసి చిగురు పొరను తెరిస్తే (ఫ్లాప్) బయటి రంగు చెదరదు. నవ్వు కోసం చేయించుకునేవాళ్ళకు ఇది చిన్న విషయం కాదు.

నీళ్ళతో కలిసి పనిచేసే ఎర్బియం లేజర్లు, 2780, 2940 నానోమీటర్లవి, ఎముకను కూడా కోస్తాయి. వాటితో చిగురు తెరవకుండానే ఎముక తగ్గిస్తామంటారు. ఎముక పల్చగా ఉన్న ముందు పళ్ళకు, చేయి తిరిగిన డాక్టర్ దగ్గర బాగానే ఉంటుంది. ఎముక మందంగా ఉంటే కనపడకుండా గుంట తవ్వే ప్రమాదం ఉంది, మేమైతే తెరిచి చేయమనే అంటాం. కాటరీ చవక, రక్తం ఆపడంలో మేటి. కానీ టిప్ ఎముకకు తగిలితే ఆ ముక్క చచ్చిపోతుంది, పేస్‌మేకర్ ఉన్నవాళ్ళకు వద్దు.

నవ్వు కోసం చేసేది

చిగుళ్ళు ఎక్కువ కనపడటానికి కారణం ప్రతిసారీ చిగుళ్ళే కాదు. పై దవడ ఎముకే నిలువుగా ఎక్కువ పెరిగి ఉండొచ్చు, పెదవి మామూలుగా నవ్వులో 6 నుంచి 8 మి.మీ. లేవాల్సింది అంతకు మించి లేస్తుండొచ్చు. ఫిట్స్ మందు ఫెనిటోయిన్, బీపీ మందులు ఆమ్లోడిపిన్, నిఫెడిపిన్ కూడా చిగుళ్ళను ఉబ్బిస్తాయి. మందు సంగతి చూడకుండా కోస్తే వాపు తిరిగి వస్తుంది. మందు మార్చడం మాత్రం దాన్ని రాసిన డాక్టర్ పనే.

క్రౌన్ లెంగ్తెనింగ్‌కు సరైన కేసు, చిగురు ఎనామిల్ మీద నుంచి వెనక్కి తగ్గకుండా అలాగే ఉండిపోయినవాళ్ళు. మధ్య ముందు పన్ను సగటున 10.5 నుంచి 11 మి.మీ. పొడవుంటుంది, వెడల్పు పొడవులో 75 నుంచి 80 శాతం. పన్ను 8 మి.మీ. పొడవు, 8.5 వెడల్పుతో చదరంగా కనపడితే, మిగిలిన 2.5 మి.మీ. చిగురు కింద దాగి ఉందా, లేక పళ్ళు కొరికి కొరికి అరిగిపోయిందా అన్నది తేలాలి. చిగురు కింద ప్రోబుతో తడిమితే ఎనామిల్ ముగిసే గట్టు చేతికి తెలుస్తుంది. అది లోతుగా ఉంటే కోత ఎనామిల్‌నే బయటపెడుతుంది, వెనీర్ (పన్ను ముందు అతికించే పల్చటి పెంకు) కూడా అక్కర్లేకపోవచ్చు. గట్టు చిగురు అంచు దగ్గరే ఉంటే కోత వేరును బయటపెడుతుంది: పసుపు రంగు, సన్నబడే మెడ, చల్లటి నీళ్ళకు జివ్వుమనడం. అప్పుడు క్యాపులో వెనీర్లో తప్పవు, ఆ ఖర్చు కూడా ముందే లెక్కలోకి రావాలి. నల్లగొండ, ప్రకాశం వంటి ఫ్లోరైడ్ ప్రాంతాల నుంచి మచ్చల పళ్ళకు వెనీర్లు వేయించుకునేవాళ్ళు చిగురు గీత కూడా సరిచేయమని అడిగేటప్పుడు ఈ గట్టు కొలత తప్పక అడగాలి, వెనీర్ జిగురు ఎనామిల్‌కు పట్టినట్టు వేరుకు పట్టదు.

చిగురు, ఎముక కొలతలను బట్టి నాలుగు రకాలుగా విడదీసే పద్ధతిని కాస్లెట్, వానార్స్‌డాల్, వైస్‌గోల్డ్ 1977లో ఇచ్చారు, ఇప్పటికీ అదే వాడుకలో ఉంది. మీది ఏ రకమో డాక్టర్ చెప్పగలగాలి.

మంచి క్లినిక్కులో ముందు మైనం నమూనాయో డిజిటల్ నమూనాయో చేసి, దాన్ని నోట్లో తాత్కాలికంగా అతికించి చూపిస్తారు. అదే ఆకారంలో పారదర్శక ప్లాస్టిక్ గైడు చేసి దాని అంచు వెంబడి కోస్తారు. రెండు మధ్య పళ్ళ చిగురు గీత ఒకే ఎత్తులో, కోరపళ్ళది దానికి సమానంగా, మధ్యలో ఉన్న పన్నుది అర నుంచి 1 మి.మీ. కిందికి ఉంటే చూడముచ్చటగా ఉంటుంది. పళ్ళ మధ్య ముక్కోణపు చిగురును మాత్రం ముట్టుకోకూడదు. 1992లో టార్నో బృందం చూపినట్టు, పళ్ళు తాకే చోటు నుంచి ఎముక దాకా 5 మి.మీ. లోపుంటే ఆ చిగురు దాదాపు ప్రతిసారీ నిండి ఉంటుంది, 6 అయితే 56 శాతంలోనే, 7 అయితే 27 శాతంలోనే. ఒకసారి పోయిన ఆ ముక్కోణాన్ని తిరిగి తేవడం చాలా కష్టం.

తర్వాత

మొదటి రోజు బయటి నుంచి ఐసు, చల్లటి పెరుగన్నం, మెత్తటి ఇడ్లీ. ఊరగాయ, కారం, వేడి కాఫీ ఒక వారం పక్కన పెట్టండి. ఊరే రక్తం మామూలే, ధారగా వస్తే గాజుగుడ్డ మడిచి 20 నిమిషాలు కదపకుండా నొక్కి, ఆగకపోతే ఫోన్ చేయండి. 0.2 శాతం క్లోర్‌హెక్సిడిన్ 10 మి.లీ. రోజుకు రెండుసార్లు, ఒక నిమిషం చొప్పున రెండు వారాలు. టూత్‌పేస్ట్ వాడిన అరగంట లోపు దాన్ని పుక్కిలిస్తే పని తగ్గుతుంది. పళ్ళ మీద గోధుమ రంగు మరక పడుతుంది, క్లీనింగ్‌లో పోతుంది. కుట్లు 7 నుంచి 10 రోజుల్లో తీస్తారు. సిగరెట్, ఖైనీ మానకపోతే గాయం మానడం ఆలస్యమవుతుంది. రక్తం పల్చబడే మందులు వాడేవాళ్ళు సొంతంగా ఆపేయకూడదు. షుగర్ అదుపులో లేకపోతే సర్జరీ వాయిదా వేయమనే డాక్టర్ మాట వినండి.

తొందరపాటు ఎక్కువ కనపడేది క్యాప్ కొలత తీసుకునే దగ్గర. కుట్లు తీసిన వారానికే కొలత తీస్తే చిగురు ఇంకా కదులుతూనే ఉంటుంది. దవడ పళ్ళకు 6 నుంచి 8 వారాలు, ముందు పళ్ళకు కనీసం 3 నెలలు, వీలైతే 6 నెలలు ఆగాలి. పోంటొరియెరో, కార్నెవాలే 2001లో 12 నెలలు గమనించి చూస్తే చిగురు తిరిగి పెరుగుతూనే ఉంది, మందపాటి చిగుళ్ళలో ఇంకా ఎక్కువ. ఈలోపు తాత్కాలిక క్యాప్ వేసుకోవచ్చు, దాని అంచు చిగురుకు తగలకుండా పైనే ఉండాలి.

డబ్బు దగ్గర చూసుకోవాల్సింది, రేటు పన్నుకా, ఒక వైపు మొత్తానికా, అందులో ఎముక పని కలిసిందా లేదా అన్నది. చిగురు కోత రేటు చెప్పి, కుర్చీలో కూర్చున్నాక ఎముక పని విడిగా కలపడం కంటే ముందే కాగితం మీద రాయించుకోవడం మంచిది. చేసేది పీరియోడాంటిక్స్ (చిగుళ్ళ వైద్యం)లో ఎండీఎస్ అనే పీజీ డిగ్రీ చేసినవాళ్ళయితే నమ్మకం ఎక్కువ. ఖర్చు భారమైతే హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ డెంటల్ కాలేజీ, విజయవాడ, కడప ప్రభుత్వ డెంటల్ కాలేజీల్లో చిగుళ్ళ విభాగాలు ఉన్నాయి. పీజీ విద్యార్థులు సీనియర్ల పర్యవేక్షణలో చేస్తారు, రెండు మూడుసార్లు ఎక్కువ తిరగాల్సి రావొచ్చు. మానడానికి ఎలాగూ వారాలు ఆగాలి కాబట్టి ఆ తిరగడం పెద్ద నష్టం కాదు.

చివరి క్యాప్ అతికించే రోజు, జిగురు పెట్టక ముందే ఫ్లాస్ అడిగి ఆ పన్ను పక్కల దించి చూడండి. అంచు దగ్గర దారం పీచు లేచినా, చిక్కుకుని తెగినా, క్యాప్ అంచు సరిగ్గా కూర్చోలేదు. దాన్ని ల్యాబ్‌కు తిప్పి పంపమనండి. అతికించాక ఆ అంచును సరిచేయడం ఎవరికీ సులువు కాదు.